చలికాలానికి ఒక విడిది

మా అమ్మీకి డెబ్భై ఆరేళ్ళు. కర్నూలులో తుంగభద్ర గాలికి పెరిగిన ప్రాణం. పన్నెండేళ్ళుగా మాతోపాటు అమెరికాలో, చికాగో నగర శివారులో ఉంటున్నది. ఇక్కడ జనవరి మాసంలో పగటి ఉష్ణోగ్రతే సున్నా డిగ్రీల దగ్గర ఉంటుంది; రాత్రి అంతకంటే ఏడెనిమిది డిగ్రీలు దిగువకు జారుతుంది. నవంబరు వచ్చిందంటే ఆమె మోకాళ్ళు బిగుసుకుపోతాయి. ఆయాసం తిరగబెడుతుంది. కిటికీ పక్కనున్న కుర్చీయే ఆమెకు లోకమవుతుంది. మునుపు ప్రతి చలికాలమూ ఆమెను కర్నూలు తీసుకుపోయేవాళ్ళము. కాలి సిరలో ఒకసారి రక్తం గడ్డకట్టిన తరువాత, ఇరవై గంటలు పైబడే విమాన ప్రయాణం ఇక వద్దని వైద్యుడు ఖండితంగా చెప్పాడు. ఆ విధంగా 2022 చివరలో మా ముందు ఒక ప్రశ్న నిలిచింది. సొంత ఊరికి పోలేని మనిషికి ఈ దేశంలోనే ఒక వెచ్చని చోటు దొరకదా?

కొల్లేటికి ఏటేటా వలస వచ్చే పక్షుల మాదిరి, ఈ దేశపు ఉత్తర రాష్ట్రాల నుంచీ, కెనడా నుంచీ అసంఖ్యాకులైన వృద్ధులు శీతకాలంలో దక్షిణానికి తరలిపోతారు. వారిని ఇక్కడ ‘స్నోబర్డ్స్’ అంటారు, అంటే మంచు పక్షులు. వీరిలో చాలామందికి గమ్యంలో సొంత ఇల్లు ఉండదు. ఇంటిని వెంట తీసుకుపోతారు. మంచాలు, పొయ్యి, స్నానపు గది, నీళ్ళ ట్యాంకు అమర్చిన ఆ వాహనాన్ని ఆర్.వి. అంటారు. అలాంటి బండిలో అయితే అమ్మీ అలసినప్పుడల్లా ఆగి, ఆమెను నాలుగడుగులు నడిపించి, పడుకోబెట్టవచ్చునని మాకు తోచింది. వైద్యుడు కూడా, రెండు గంటలకొకసారి తప్పక నడిపించాలన్న షరతు మీద, సరేనన్నాడు. పదకొండేళ్ళ పాత బండి ఒకటి కొన్నాము. ఇక మిగిలింది చోటు ఎంచుకోవడమే.

భోజనాల బల్ల మీద కాగితం పరచి మూడు గడులు గీశాము. మొదటి గడిలో ఫ్లోరిడా. దక్షిణ ఫ్లోరిడాలో జనవరి పగళ్ళు ఇరవై నాలుగు, ఇరవై అయిదు డిగ్రీల దాకా ఉంటాయి; రాత్రులు కూడా హాయిగా ఉంటాయి. తుపానుల కాలం నవంబరు ఆఖరుతో ముగుస్తుంది. వెచ్చదనమే కొలమానమైతే అంతకు మించిన చోటు లేదు. అయితే ఆ సంగతి అందరికీ తెలుసు. అక్కడి ప్రభుత్వ ఉద్యానవనాలలో బండి నిలిపే స్థలాలను జనం నెలల ముందే దక్కించుకుంటారు. ప్రైవేటు విడిదుల అద్దె మా శక్తికి మించినది. పైగా పదేళ్ళు దాటిన బండ్లను రానివ్వబోమనే నియమం చాలా విడిదులలో ఉంటుంది. మా బండి ఫోటో చూసే రెండు చోట్ల కాదన్నారు.

రెండవ గడిలో టెక్సాస్ దక్షిణపు కొసన, రియో గ్రాండే నది లోయ. మెకాలెన్, హార్లింజెన్ పట్టణాల చుట్టూ నారింజ, పంపరపనస తోటలు. శీతకాలపు అతిథులను అక్కడివారు ‘వింటర్ టెక్సన్స్’ అని పిలుస్తారు. ఖర్చు తక్కువ, ఎండ మృదువు. కాని ఉత్తరం నుంచి చలిగాలి దిగినప్పుడు అడ్డుకునే కొండ ఒక్కటీ లేదు. 2021 ఫిబ్రవరిలో వచ్చిన మంచు తుపాను ఆ లోయ దాకా దిగి కరెంటు పోయిన వైనం మాకింకా గుర్తున్నది. అక్కడి గాలిలో తేమ కూడా ఎక్కువ. తేమ అంటే అమ్మీ కీళ్ళకు భయం.

మూడవ గడిలో ఆరిజోనా ఎడారి. పొడి గాలి, మబ్బులేని ఆకాశం. అన్నిటికంటే మమ్మల్ని ఆకర్షించినది క్వార్ట్‌జ్‌సైట్ అనే చిన్న ఊరు. 2020 జనాభా లెక్కల ప్రకారం అక్కడి స్థిర నివాసులు రెండున్నర వేలకు లోపే. శీతకాలంలో మాత్రం ఆ ఊరి చుట్టూ ఎడారి నిండా బండ్లే. ఇందుకు కారణం, ఫెడరల్ ప్రభుత్వపు భూ నిర్వహణ శాఖ 1983లో ప్రారంభించిన ఒక ఏర్పాటు. సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 వరకు, ఏడు నెలలపాటు, నిర్ణీత ఎడారి భూములలో బండి నిలుపుకోవడానికి ఒకే అనుమతి పత్రం ఇస్తారు. మేము వెళ్ళిన ఏడాది దాని రుసుము 180 డాలర్లు. నెలకు ముప్పై డాలర్లు కూడా కాదు! ఆ అంకె చూశాక మిగిలిన రెండు గడుల మీద మా చూపు నిలవలేదు. అమ్మీ కోసమే వెదుకుతున్నామని అప్పుడు మేము మనసారా నమ్మాము.

2023 జనవరి మొదటివారంలో బయలుదేరాము. గడ్డకట్టే చలిలో ఈ బండ్ల నీటి గొట్టాలు పగిలిపోతాయి. అందుకని ట్యాంకు ఖాళీగా ఉంచి, తాగడానికి, వుజూకు నీళ్ళు డబ్బాలలో తీసుకుపోయాము. మొదటి మూడు రాత్రులు అమ్మీని హోటల్ గదులలోనే పడుకోబెట్టాము. ఆల్బుకర్కీ నుంచి నేరుగా పడమటికి పోతే దారి దగ్గరే. కాని ఆ దారిలో ఫ్లాగ్‌స్టాఫ్ రెండు వేల మీటర్ల పైబడిన ఎత్తున, మంచులో ఉంటుంది. అందువల్ల దక్షిణానికి దిగి, లాస్ క్రూసెస్ మీదుగా, టూసాన్ దాటి చుట్టూ తిరిగి వెళ్ళాము. రోజుకు మూడు వందల మైళ్ళకు మించకుండా, ఏడు రోజులలో రెండు వేల మైళ్ళు పైబడిన ప్రయాణం. ఫీనిక్స్‌ను ఆనుకొని ఉన్న టెంపే పట్టణంలో జుమా నమాజు దొరికింది. జెరూసలేములోని కుబ్బతుస్సఖ్రా నమూనాలో, ఎనిమిది ముఖాలతో, 1984లో నిర్మించిన మసీదు అది. వెలుపల ఎండలో కూర్చుని అమ్మీ తన శాలువ తీసి మడిచి పక్కన పెట్టింది. రెండు నెలల తరువాత ఆ శాలువ ఆమె భుజం దిగడం అదే మొదటిసారి.

ఊరికి దక్షిణాన లా పోసా అనే ఆ ఎడారి మైదానం సుమారు పదకొండు వేల ఎకరాలు. ద్వారం దగ్గర రుసుము చెల్లించి, అద్దానికి చీటీ అంటించుకుంటే చాలు. గీతలు లేవు, అంకెలు లేవు. ఇష్టమైన చోట బండి నిలుపుకోవచ్చు. తాగునీరు పట్టుకోవడానికీ, మురుగు పారబోయడానికీ, చెత్త వేయడానికీ ఒక చోటున్నది. కరెంటు తీగ మాత్రం లేదు. ఎండ పలకలు, బ్యాటరీ, లేదా జనరేటరు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు జనరేటరు నడపరాదు. నేలంతా నున్నటి చిన్న రాళ్ళు, అక్కడక్కడా ముళ్ళ చెట్లు, చేతులెత్తి నిలబడినట్లుండే సగ్వారో జెముళ్ళు. పడమట డోమ్ రాక్ పర్వతాల వెనక సూర్యుడు దిగేటప్పుడు నేల గులాబీరంగు తిరుగుతుంది. మగ్రిబ్ నమాజు మేము ఆరుబయటే చేసేవాళ్ళము.

ఆ నమాజు సందర్భంగా మాకు కొన్ని విషయాలు కొత్తగా అలవడినాయి. కర్నూలులో ఖిబ్లా పడమర. ఆరిజోనాలో అది ఈశాన్యం, ఉత్తరానికే కాస్త మొగ్గు. బండి ఇనుము దగ్గర దిక్సూచి తప్పు చూపుతుంది కనుక, దూరంగా నడిచి దిక్కు చూసుకుని, ఒక రాతి వరుస పేర్చాము. నీటి పొదుపు మరో పాఠం. బండి ట్యాంకులో నూట యాభై లీటర్లు. నగరంలో కుళాయి తిప్పి వుజూ చేసే అలవాటుతో అది నాలుగు రోజులకే అడుగంటింది. దైవప్రవక్త (స) ఒక ముద్దు, అంటే దోసిలి నిండే కొలతతో, లీటరు కంటే తక్కువ నీటితో వుజూ చేసుకునేవారని చిన్ననాటి నుంచి చదివాము. చేసి చూసినది మాత్రం ఆ ఎడారిలోనే. చిన్న చెంబుతో మొదలుపెట్టిన తరువాత అదే ట్యాంకు తొమ్మిది రోజులు వచ్చింది.

ఇంకొక సంగతి. అనుమతి రుసుము అక్కర్లేని ప్రభుత్వ భూములూ చుట్టుపక్కల ఉన్నాయి. అక్కడ పద్నాలుగు రోజులకు మించి ఉండరాదు. హనఫీ మస్లక్‌లో పదిహేను రోజులు ఒక చోట ఉండే సంకల్పంతో ముసాఫిర్ ముఖీమ్ అవుతాడు. ఆ ఒక్క రోజు తేడా చూసి మేము నవ్వుకున్నాము. అయితే ఊరు కాని ఊరిలో, బండిలో బస చేసేవారికి ఖస్ర్ విషయంలో ఏది వర్తిస్తుందన్నది బయలుదేరే ముందే తెలిసిన ఆలిమ్‌ను అడిగి ఉంచుకోవడం మంచిది. మేమూ ఆ విధంగానే చేశాము.

ఆ ఊరి శ్మశానంలో ఒక సమాధి ఉన్నది. రాళ్ళతో కట్టిన చిన్న పిరమిడు, దాని శిఖరాన రాగి ఒంటె. సిరియాలో 1828 ప్రాంతంలో పుట్టిన హాజీ అలీ సమాధి అది. అమెరికా సైన్యం నైరుతి ఎడారులలో సామాను మోయించడానికి ఒంటెలు తెప్పించాలని సంకల్పించింది; 1855లో కాంగ్రెసు ముప్పై వేల డాలర్లు మంజూరు చేసింది. మరుసటి ఏడాది టెక్సాస్ తీరంలో ఒంటెలు దిగాయి. వాటిని నడపడానికి వచ్చినవారిలో అలీ ఒకడు. హజ్ చేసివచ్చిన హాజీ అలీ పేరు సైనికుల నోట ‘హై జాలీ’ అయింది. 1857లో ఆ ఒంటెలు లెఫ్టినెంట్ బీల్ వెంట కొలరాడో నది దాకా దారి వేయడంలో పాలుపంచుకున్నాయి. అంతర్యుద్ధంతో ఆ ప్రయోగం ముగిసింది. అలీ ఈ దేశంలోనే ఉండిపోయి, సామాను మోయిస్తూ, సైన్యానికి దారులు చూపుతూ జీవించి, 1902 డిసెంబరులో ఇక్కడే కన్నుమూశాడు. 1935లో ఆరిజోనా రహదారుల శాఖ ఆ స్మారకాన్ని కట్టింది. దాని మీద అతని చివరి విడిది అని రాసి ఉన్నది.

అమ్మీ చేతికర్ర మీద వాలి చాలాసేపు నిలబడింది. దుఆ చేసింది. తిరిగి వస్తూ, “బేటా, ఇతను ఇంటికి పోలేదా?” అని అడిగింది. పోలేదన్నాము. ఆమె మరేమీ అనలేదు. ఆ మౌనాన్ని మేము అలసట అనుకున్నాము.

పదకొండవ రాత్రి జరిగిన దానికి మేమే బాధ్యులము. రెండు రోజులు మబ్బు పట్టింది. వంద వాట్ల ఎండ పలక ఒక్కటే మాకున్నది. బ్యాటరీ సామర్థ్యంలో సగానికి మించి వాడరాదు. బండిలోని హీటరు గ్యాసుతో మండినా, దాని ఫ్యాను గంటకు ఏడెనిమిది ఆంపియర్లు తాగుతుంది. లెక్క వేస్తే ఆరేడు గంటలకు మించి రాదు. ఆ లెక్క మేము వేయలేదు. ఎడారి పగలు ఇరవై డిగ్రీలు ఉంటే సంతోషించామే గాని, జనవరి రాత్రి అది నాలుగైదుకు దిగుతుందన్న అంకెను కాగితం మీద రాసుకొని కూడా పట్టించుకోలేదు. తెల్లవారుజామున మూడు గంటలకు ఫ్యాను ఆగింది. మాకు మెలకువ వచ్చేసరికి అమ్మీ మంచం మీద ముందుకు వంగి, పరుపు అంచు పట్టుకుని శ్వాస కోసం పెనుగులాడుతున్నది. ఆవిరి మందు ఇచ్చే నెబ్యులైజరుకు కరెంటు లేదు.

పక్క బండిలో మిన్నెసోటా నుంచి వచ్చిన వృద్ధ దంపతులున్నారు. తలుపు తట్టాము. ఆ పెద్దాయన ఒక్క ప్రశ్న వేయలేదు. జనరేటరు వేళలు మీరుతున్నానన్న సంకోచమూ చూపలేదు. చెప్పులైనా లేకుండా దిగి జనరేటరు తిప్పి, తీగ తెచ్చి మా బండికి తగిలించాడు. ఆయన భార్య అమ్మీ వీపు నిమురుతూ కూర్చుంది. భాష రాని ఇద్దరు ముసలివాళ్ళు ఒకరి చేతిని ఒకరు పట్టుకుని ఉన్న ఆ అరగంటను మేము మరచిపోలేము. ఉదయం కొలరాడో నది దాటి, ఇరవై మైళ్ళ దూరంలో ఉన్న పొరుగు పట్టణపు ఆసుపత్రికి తీసుకుపోయాము. ప్రమాదమేమీ లేదు, అల్‌హమ్దులిల్లాహ్. రాత్రి చలి, పొడి దుమ్ము కారణమని వైద్యురాలు చెప్పింది.

తిరుగుదారిలో అమ్మీని అడిగాము: “ఇంతకుముందు రాత్రుళ్ళు కూడా చలిగా ఉండేదా?” ఉండేదన్నది. “మరి చెప్పలేదేం?” అన్నాము. “మీకు ఆ చోటు నచ్చింది కదా బేటా. డబ్బు కూడా తక్కువ అయిందని సంబరపడ్డారు. ఇంకేం చెప్పను?”

ఆ మాట మమ్మల్ని తలదించుకునేటట్లు చేసింది. ఆమె కోసమని చెప్పి మేము ఎంచుకున్నది మాకు నచ్చిన చోటు. నక్షత్రాలు మాకు కావాలి, ఏకాంతం మాకు కావాలి, పొదుపు మాకు కావాలి. తల్లిదండ్రుల ఎదుట ఉఫ్ అని కూడా అనరాదని ఖుర్ఆన్ బోధ. ఆ మాట మేము ఎన్నడూ అనలేదని మాకొక గర్వం ఉండేది. ఆ మాట అనే అవకాశాన్ని కూడా మాకివ్వకుండా ఆమె పదకొండు రాత్రులు చలిలో మౌనంగా పడుకున్నది.

ఆ మర్నాడే బండి కదిలించి, ఎనభై మైళ్ళు దక్షిణాన ఉన్న యూమా నగరానికి పోయాము. పగటి గంటలలో తొంభై శాతం ఎండ కాసే ఊరుగా అది ప్రసిద్ధి. ఏడాదికి ఎనిమిది సెంటీమీటర్ల వాన కూడా కష్టమే. దాదాపు లక్ష జనాభా, ఊరిలోనే పెద్దాసుపత్రి. జనవరి రాత్రి సగటున ఎనిమిది డిగ్రీలు. క్వార్ట్‌జ్‌సైట్ కంటే మూడు నాలుగు డిగ్రీలే ఎక్కువ. యువకులకు ఆ తేడా తెలియదు, ఆమె ఊపిరితిత్తులకు తెలిసింది. పాత బండిని కాదనని విడిది ఒకటి వెదికి దొరికించుకున్నాము. నెల అద్దె వందల డాలర్లు, కరెంటు మీటరు వేరు. అయితే రాత్రంతా హీటరు నిలకడగా నడిచింది. కొలరాడో నీటితో చుట్టూ పచ్చని పొలాలు. శీతకాలంలో ఈ దేశం తినే ఆకుకూరలలో అధిక భాగం అక్కడ పండేదే. కోత కోస్తున్న కూలీలను చూసి అమ్మీ, “మన తుంగభద్ర కాలువ కింది పొలాల లాగున్నది” అన్నది. సాయంత్రాలు పక్క బండ్ల ఆడవాళ్ళతో కూర్చుని ఊలు అల్లడం మొదలుపెట్టింది. ఫిబ్రవరి నెలలో చేతికర్ర లేకుండా విడిది చుట్టూ ఒక ప్రదక్షిణం పూర్తిచేసింది.

ఆ సంవత్సరం రంజాన్ మార్చి 23న ప్రారంభమైంది. తరావీహ్ మన మసీదులోనే చేయాలని అమ్మీ కోరిక. మార్చి మధ్యలో ఇంటికి తిరిగివచ్చాము.

ఈ రకంగా చలికాలపు విడిది వెదికే కుటుంబాలు ఇప్పుడు మనవారిలోనూ పెరుగుతున్నాయి. పదవీ విరమణ చేసినవారు, ముసలి తల్లిదండ్రులను దగ్గర ఉంచుకున్నవారు మమ్మల్ని అడుగుతుంటారు. మేము చెప్పేది ఇది. పగటి వేడిని కాదు, రాత్రి కనిష్ఠాన్ని చూడండి. ఎత్తును చూడండి, ఒకే రాష్ట్రంలో మంచూ ఎండా రెండూ ఉంటాయి. మురుగు, మంచినీరు, కరెంటు ఎక్కడివో బయలుదేరకముందే లెక్క కట్టండి. బండిలో గ్యాసు మంట వెలిగించి తలుపులన్నీ బిగించి పడుకోవద్దు. విషవాయువును పసిగట్టి మోగే పరికరం తప్పక ఉంచుకోండి. అర్ధరాత్రి ఆసుపత్రికి ఎన్ని నిమిషాలన్నది ముందే ఒకసారి పోయి చూసుకోండి. మసీదు ఎంత దూరమో చూడండి. చాంద్రమానం ప్రకారం రంజాన్ ఏటా పది పదకొండు రోజులు వెనక్కి జరుగుతూ, రాబోయే సంవత్సరాలలో నడి శీతకాలంలోకి వస్తున్నది. 2030లో జనవరిలో ఒకసారి, డిసెంబరు ఆఖరున మరొకసారి కూడా వస్తుంది. అప్పుడు ఏకాంతపు ఎడారి కంటే ఇఫ్తారుకు నలుగురు కలిసే ఊరే మేలు.

అన్నిటికంటే ముందు, ఎవరి కోసం వెదుకుతున్నారో వారిని అడగండి. అడిగితే పెద్దలు, “మీ ఇష్టం బేటా” అంటారు. అక్కడితో ఊరుకోకండి, మళ్ళీ అడగండి.

మరుసటి శీతకాలానికి మేము మళ్ళీ కాగితం పరచి గడులు గీశాము. ఈసారి పెన్ను అమ్మీ చేతికిచ్చాము. ఆమె కళ్ళద్దాలు సవరించుకుని, “మీ ఇష్టం” అన్నది. మేము కదలలేదు. కొంతసేపటికి ఆమె కాగితం దగ్గరికి జరుపుకుని రెండు ప్రశ్నలు అడిగింది. రాత్రిపూట లేచి వెళ్ళడానికి మెట్లు ఎన్ని ఉంటాయి? ఆ మిన్నెసోటా వాళ్ళు ఎక్కడికి వస్తున్నారు?

రెండింటికీ జవాబు తెలుసుకున్న తరువాతే, ఇన్షా అల్లాహ్, చోటు నిర్ణయిద్దామని అనుకున్నాము. అల్లాహ్ మన పెద్దల శ్వాసలో శుభం కలిగించుగాక!